మైలూ-సూ యురేనియం వ్యర్థాలు: జలాల్-అబాద్‌లో చదవబోయే పిల్లలు భయపడాలా?

ప్రశ్న: పులివెందుల వైపు ఒక తండ్రి

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయికి కిర్గిజ్‌స్తాన్ దక్షిణ భాగంలోని జలాల్-అబాద్ నగరంలో వైద్యవిద్యలో సీటు వచ్చింది. మన రెండు తెలుగు రాష్ట్రాల నుంచీ చాలామంది పిల్లలు ఆ దేశంలో చదువుతున్నారని తెలుసు కాబట్టి, చదువు విషయంలో నాకు పెద్దగా సందేహాలు లేవు. అయితే ఆ ప్రాంతం గురించి చదువుతుంటే, అదే పాలనా ప్రాంతంలో మైలూ-సూ అనే చిన్న పట్టణం ఉందనీ, సోవియట్ కాలంలో అక్కడ యురేనియం తవ్వి, శుద్ధి చేసి, వ్యర్థాలను నది పక్కనే వదిలివేశారనీ, 2006లో ఒక అమెరికన్ సంస్థ విడుదల చేసిన ప్రపంచంలోని పది అత్యంత కలుషిత స్థలాల జాబితాలో ఆ పట్టణం కూడా ఉందనీ కనిపించింది.

మాది వేముల మండలానికి దగ్గరి ఊరు. తుమ్మలపల్లె యురేనియం గని, కొట్టాల దగ్గర ఆ గని వ్యర్థపు బురదను నిలిపే చెరువు (టెయిల్‌పాండ్) మా వైపు రోజూ చర్చకు వచ్చే విషయాలే గనుక, యురేనియం వ్యర్థం అనే మాటను తేలిగ్గా తీసుకుని వదిలివేయలేకపోతున్నాను. అమ్మాయి ఉండబోయే ఊరి నీటికి, గాలికి మైలూ-సూతో ఏమైనా సంబంధం ఉందా? గని మూసి యాభై ఏళ్లు దాటినా ప్రమాదం ఇంకా ఎందుకు మిగిలి ఉంది? ఈ విషయం తెలిసినవారు వివరంగా చెప్పగలరని ఆశిస్తున్నాను. భయపెట్టడానికో, ధైర్యం చెప్పడానికో కాకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పమని మనవి.

జవాబు 1: భూగర్భశాస్త్ర అధ్యాపకుడు

నమస్కారమండీ. ముందుగా మీ అమ్మాయి సంగతి చెప్పి, తర్వాత మిగతా వివరాలలోకి వస్తాను. మైలూ-సూ పట్టణం జలాల్-అబాద్ నగరానికి వాయవ్య దిశలో, నేరుగా కొలిస్తే సుమారు 60 కిలోమీటర్ల దూరంలో ఉంది. దూరం కన్నా ముఖ్యమైనది నీటి దారి. జలాల్-అబాద్ కోగార్త్ నది లోయలో ఉంది. మైలూ-సూ నది వేరొక లోయలో దక్షిణంగా పారి, ఉజ్బెకిస్తాన్ సరిహద్దు దాటి, కారా దర్యాలో కలుస్తుంది. అంటే మైలూ-సూలో ఏ అనర్థం జరిగినా దాని నీరు జలాల్-అబాద్ వైపు ఎక్కి రాదు. దిగువన ఉన్న ఫెర్గానా మైదానంలోకి పోతుంది. యురేనియం వ్యర్థం నుంచి వెలువడే కిరణాలు అరవై కిలోమీటర్లు ప్రయాణించి మనిషిని తాకే అవకాశం కూడా లేదు. కాబట్టి మీ అమ్మాయి నివాసం విషయంలో ఈ ఒక్క కారణంతో మీరు వెనకాడనక్కరలేదు.

ఇక ఆ పట్టణం కథ. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి సోవియట్ యూనియన్ దగ్గర చెప్పుకోదగిన యురేనియం నిల్వలు లేవు. అణుబాంబు తయారీకి అత్యవసరంగా యురేనియం కావలసివచ్చి, మధ్య ఆసియా కొండల్లో ఎక్కడ ఆనవాలు కనిపిస్తే అక్కడ తవ్వకాలు మొదలుపెట్టారు. తజికిస్తాన్‌లోని లెనినాబాద్ కేంద్రంగా 1945లో ఏర్పాటైన 6వ నంబరు కంబైన్ (గనులు, శుద్ధి కర్మాగారాల ప్రభుత్వ సముదాయం) కింద పనిచేసిన గనులలో మైలూ-సూ ఒకటి. 1946 నుంచి 1968 వరకు ఇక్కడ సుమారు 10,000 టన్నుల యురేనియం ఆక్సైడ్ తయారైంది. స్థానిక ఖనిజంతో పాటు తూర్పు యూరప్ దేశాల నుంచి తెచ్చిన ఖనిజాన్ని కూడా ఇక్కడే శుద్ధి చేశారు. పట్టణాన్ని బయటివారు అడుగుపెట్టకూడని రహస్య పట్టణంగా ఉంచి, చిరునామాలో ఊరి పేరుకు బదులు ఒక తపాలా పెట్టె సంఖ్యను మాత్రమే వాడేవారు. పని చేసినవారిలో యుద్ధకాలంలో తమ నేల నుంచి బలవంతంగా తరలింపునకు గురైన జర్మన్ జాతీయులు, క్రిమియా తాతార్లు ఎందరో ఉన్నారు. తాము ఏ పదార్థంతో పని చేస్తున్నామో వారిలో చాలామందికి తెలియనివ్వలేదన్నది ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా బాధించే విషయం.

గని మూసినా ప్రమాదం ఎందుకు పోలేదన్న మీ ప్రశ్నకు సమాధానం శుద్ధి ప్రక్రియలోనే ఉంది. టన్ను ఖనిజంలో యురేనియం సాధారణంగా కొద్ది కిలోలకు మించదు. రాయిని పిండి చేసి, రసాయనాలతో కరిగించి, ఆ కొద్దిపాటి యురేనియాన్ని తీసుకున్న తర్వాత మిగతాదంతా బురదగా మిగులుతుంది. దీన్నే టెయిలింగ్స్ అంటారు. యురేనియం వెళ్లిపోయింది కదా, ఇక ఇది మామూలు మట్టే అనుకోవడం పొరపాటు. యురేనియం కోట్ల సంవత్సరాలుగా క్షయమవుతూ పుట్టించిన థోరియం-230, రేడియం-226 వంటి మూలకాలు ఈ బురదలోనే ఉండిపోతాయి. ఖనిజంలో మొదట ఉన్న రేడియోధార్మికతలో దాదాపు 85 శాతం వ్యర్థంలోనే మిగులుతుందని లెక్క. రేడియం అర్ధాయువు, అంటే దానిలో సగం క్షయమైపోవడానికి పట్టే కాలం, 1,600 ఏళ్లు. దాన్ని ఎప్పటికప్పుడు పుట్టిస్తూ ఉండే థోరియం-230 అర్ధాయువు సుమారు 75,000 ఏళ్లు. దీనితో పోలిస్తే గని మూసిన తర్వాత గడిచిన కాలం లెక్కలోకే రాదు. వీటితో పాటు ఆర్సెనిక్, సీసం, సెలీనియం వంటివి కూడా ఇలాంటి వ్యర్థాలలో తరచుగా ఉంటాయి. వాటి విషానికి అర్ధాయువు అనేదే లేదు.

మైలూ-సూ చుట్టుపక్కల ఇలాంటి టెయిలింగ్ స్థలాలు 23, రాతి వ్యర్థాల కుప్పలు 13 ఉన్నాయి. మొత్తం టెయిలింగ్స్ దాదాపు 20 లక్షల ఘనపు మీటర్లు. పరిమాణంలో ఇంతకన్నా పెద్ద యురేనియం వ్యర్థాల నిల్వలు ప్రపంచంలో చాలా చోట్ల ఉన్నాయి. మైలూ-సూను వేరుగా నిలబెట్టేది ఆ వ్యర్థం ఉన్న చోటు. ఇరుకైన లోయ, నిటారు వాలు, నది, భూకంపాల ప్రాంతం, వీటన్నిటి మధ్యన తొందరలో ఎక్కడ వీలైతే అక్కడ పోసి వెళ్లారు.

జవాబు 2: విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు

పై సమాధానం చివర వచ్చిన మాటను కొంత విస్తరించడం అవసరమని భావిస్తున్నాను, ఎందుకంటే వ్యర్థం ఎంత ఉందన్న దానికన్నా అది ఏ గట్టు వెనుక, ఏ వాలు కింద ఉందన్నదే ఇక్కడ కీలకం.

1958 ఏప్రిల్‌లో 7వ నంబరు టెయిలింగ్ గట్టు తెగిపోయింది. భారీ వర్షాలు, భూప్రకంపనలు రెండూ కారణమని చెబుతారు. సుమారు 6 లక్షల ఘనపు మీటర్ల వ్యర్థం మైలూ-సూ నదిలో కలిసి, 30, 40 కిలోమీటర్ల దిగువ వరకు, అంటే నేటి ఉజ్బెకిస్తాన్ నేల మీదకు, కొట్టుకుపోయింది. అప్పుడు రెండు వైపులూ ఒకే దేశం. ప్రభుత్వం విషయాన్ని బయటకు రానివ్వలేదు. పొలాలకు నీరు పెట్టుకుంటున్న దిగువ రైతులకు ఆ బురదలో ఏముందో చెప్పినవారు లేరు.

ఆ తర్వాత గట్లను బలపరిచి, పైన మట్టి, గులకరాయి కప్పి, కొంతకాలం కాపలా కూడా పెట్టారు. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమయ్యాక ఆ బాధ్యత, అతి తక్కువ ఆదాయం గల కొత్త దేశమైన కిర్గిజ్‌స్తాన్ మీద పడింది. వ్యర్థాన్ని పుట్టించిన యంత్రాంగం రద్దయిపోయింది. యురేనియం అంతకు ఎప్పుడో దేశం దాటి వెళ్లిపోయింది. నా దృష్టిలో ఈ వారసత్వంలోని అసలు అన్యాయం ఇదే. లాభం తీసుకున్నవారి చిరునామా చెదిరిపోయి, ఖర్చు మాత్రం లోయలో నివసించేవారికి మిగిలింది.

ఇంజనీరుగా నన్ను ఎక్కువగా కలవరపెట్టేది కొండచరియలు. ఆ లోయ వాలుల మీద గాలికి కొట్టుకొచ్చి పేరుకున్న మెత్తని లోయెస్ మట్టి, దాని కింద బంకమట్టి పొరలు ఉన్నాయి. వసంతంలో మంచు కరిగి, దానికి వర్షాలు తోడైతే ఆ మట్టి నీటిని పీల్చుకుని బరువెక్కి, పొరలు పొరలుగా జారుతుంది. పట్టణం చుట్టూ పరిశోధకులు గుర్తించిన కొండచరియల సంఖ్య రెండు వందలు దాటింది. వాటిలో టెక్టానిక్, కోయ్-తాష్ అని పిలిచేవి చాలా పెద్దవి. 1992లో ఒకసారి, 2002లో మరొకసారి జారిన చరియలు నదికి అడ్డంగా పడ్డాయి. 2005 ఏప్రిల్‌లో సుమారు 3 లక్షల ఘనపు మీటర్ల మట్టి ఒక టెయిలింగ్ స్థలానికి సమీపంలోనే జారి నదిలో పడింది.

దీనివల్ల ప్రమాదం ఎలా వస్తుందో చెబుతాను. చరియ నేరుగా వ్యర్థం మీద పడనవసరం లేదు. ఇరుకు లోయలో నది మూసుకుపోతే వెనుక నీరు నిలిచి మట్టం పెరుగుతుంది. ఆ నీరు గట్టు పాదాన్ని నానబెట్టి బలహీనపరుస్తుంది. కొన్ని గంటలకో, రోజులకో ఆ సహజమైన అడ్డుకట్ట ఒక్కసారిగా తెగితే, వరద ఒడ్డున ఉన్నదాన్నంతటినీ కోసుకుని తీసుకుపోతుంది. అక్కడి గట్లు కూడా నాటి పద్ధతిలో స్థానిక మట్టితో, అడుగున ఏ పొరా పరచకుండా కట్టినవి. మన చెరువు కట్ట మరమ్మతు ఒక్క ఏడు తప్పితే ఏమవుతుందో తెలిసిన రైతుకు ఈ సంగతి వేరే చెప్పనవసరం లేదు.

ఆ నది కారా దర్యాలో, కారా దర్యా నరీన్‌తో కలిసి సిర్ దర్యాగా మారుతుంది. ఫెర్గానా లోయలో మూడు దేశాలకు చెందిన సుమారు కోటీ అరవై లక్షల మంది నివసిస్తున్నారు. పత్తి, వరి, పండ్లతోటలు అన్నీ కాలువల నీటి మీద ఆధారపడినవే. అందుచేత ప్రమాదం ఎక్కువగా పొంచి ఉన్నది జలాల్-అబాద్‌కు కాదు, సరిహద్దు అవతల దిగువన ఉన్న ఉజ్బెక్ గ్రామాలకు.

జవాబు 3: ఓష్‌లో చదివి వచ్చిన వైద్యుడు

నేను దక్షిణ కిర్గిజ్‌స్తాన్‌లోనే ఉన్న ఓష్ నగరంలో వైద్యవిద్య పూర్తిచేసి ప్రస్తుతం తెలంగాణలో పనిచేస్తున్నాను. ఆరోగ్యం వైపు నుంచి నాకు తెలిసింది రాస్తాను.

మైలూ-సూలో ఇప్పుడు ఇరవై వేలకు పైగా జనం ఉన్నారు. యురేనియం పని మూతపడడానికి కొన్నేళ్ల ముందు, 1964 ప్రాంతంలో, అక్కడ విద్యుత్ బల్బుల కర్మాగారం పెట్టారు. సోవియట్ దేశమంతటికీ బల్బులు పంపిన ఆ కర్మాగారమే తర్వాత పట్టణానికి ప్రధాన ఆధారమైంది. సోవియట్ మార్కెట్ పోవడం, ఆ తర్వాత పాత రకం బల్బులకు గిరాకీ తగ్గడంతో పనులు బాగా తగ్గిపోయాయి. ఈ సంగతికి ఆరోగ్యంతో నేరుగా సంబంధం ఉంది. పని లేని చోట మనుషులు ఏది దొరికితే దాని మీద బతకాలి. వ్యర్థాల గుట్టల చుట్టూ వేసిన కంచెలను, హెచ్చరిక బోర్డులను పాత ఇనుము కోసం ఊడదీసుకుపోయారు. గుట్టల మీద పెరిగిన గడ్డిని పశువులు మేస్తాయి. ఆ పాలు, మాంసం ఇళ్లకు, సంతకు వెళతాయి. దీన్ని ప్రజల అజ్ఞానంగా చిత్రించే వ్యాసాలు చదివినప్పుడు నాకు బాధ కలుగుతుంది. ఇంటి ముందు అదొక్కటే పచ్చిక ఉన్నవాడికి వేరే మేత చూపకుండా, అక్కడ మేపవద్దని చెప్పడం సలహా అనిపించుకోదు.

రేడియోధార్మికత మనిషికి చేరే మార్గాలలో అన్నిటికన్నా ఎక్కువ శ్రద్ధ పెట్టవలసింది రేడాన్. రేడియం క్షయం కాగా పుట్టే ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. దాని అర్ధాయువు నాలుగు రోజుల కన్నా తక్కువే అయినా, గాలి ఆడని గదుల్లో చేరితే దాని నుంచి పుట్టే కణాలు ఊపిరితిత్తులలో నిలిచి, దీర్ఘకాలంలో క్యాన్సర్‌కు దారితీయగలవు. 2000 దశకం తొలి ఏళ్లలో యూరోపియన్ యూనియన్ సాయంతో జరిగిన అధ్యయనం ఒక ముఖ్యమైన విషయం చెప్పింది. పట్టణంలో సగటు పౌరుడికి అందుతున్న రేడియేషన్ మోతాదు ఆందోళన కలిగించే స్థాయిలో లేదు. అయితే పక్కనే ఉన్న కారా-అగాచ్ అనే నివాసప్రాంతంలో, ప్రధానంగా రేడాన్ వల్ల, మోతాదు గణనీయంగా ఎక్కువగా ఉంది. అంటే ఒకే లోయలో, కొద్ది దూరం తేడాతో, పరిస్థితి పూర్తిగా మారిపోతుంది. ‘ప్రపంచంలో అత్యంత కలుషిత పట్టణం’ వంటి శీర్షికలు ఈ తేడాను చెరిపివేస్తాయి. అలాగే సగటు బాగుంది కాబట్టి అంతా బాగుందని చెప్పే అధికారిక ప్రకటనలూ కారా-అగాచ్ కుటుంబాలను మరుగున పడేస్తాయి.

క్యాన్సర్ కేసులు పెరిగాయని అక్కడి ప్రజలు, స్థానిక వైద్యులు చాలాకాలంగా చెబుతున్నారు. చిన్న జనాభా, వలసలు, పేదరికం, పొగతాగడం, ఆలస్యంగా జరిగే రోగనిర్ధారణ, ఇవన్నీ కలిసిన చోట ఏ ఒక్క కారణాన్నీ వేరుచేసి నిరూపించడం సాంఖ్యకశాస్త్ర రీత్యా ఎంతో కష్టం. నిరూపణ కష్టమన్న మాటను హాని లేదన్న మాటగా వాడుకోకూడదని మాత్రం వైద్యుడిగా గట్టిగా చెబుతాను.

ప్రశ్నించినవారు: పులివెందుల వైపు ఒక తండ్రి

ముగ్గురికీ హృదయపూర్వక ధన్యవాదాలు. నీటి దారి వేరని తెలిశాక అమ్మాయి విషయంలో మనసు కుదుటపడింది. కానీ చదివినకొద్దీ మరో ప్రశ్న వస్తోంది. ఇన్ని సంస్థలు, ఇన్ని అధ్యయనాలు ఉన్నప్పుడు, ఆ వ్యర్థాన్ని నదికి దూరంగా తీసుకుపోయి భద్రపరచడం ఎందుకు ఇంత ఆలస్యమవుతోంది? మా వైపు గని పని 2012 నుంచి నడుస్తోంది. అది ఎప్పటికో ఒకప్పటికి ఆగుతుంది. ఆ తర్వాత చూసుకునేవారు ఎవరన్న ప్రశ్న మా ఊళ్లలోనూ ఉంది.

జవాబు 4: విశ్రాంత నీటిపారుదల ఇంజనీరు

అసలు ఏమీ జరగలేదని చెప్పడం న్యాయం కాదు. 2004లో ప్రపంచ బ్యాంకు సాయంతో ఒక పథకం మొదలై, చరియల కదలికలను గమనించే ఏర్పాట్లు, గట్ల మరమ్మతులు జరిగాయి. అన్నిటికన్నా ఎక్కువ రేడియోధార్మికత గల 3వ నంబరు టెయిలింగ్ వ్యర్థాన్ని వేరే చోటికి తరలించే పని కూడా ఆ పథకం కిందనే చేపట్టారు. 2012లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ మధ్య ఆసియాలోని పాత యురేనియం స్థలాల కోసం ఒక సమన్వయ బృందాన్ని ఏర్పాటు చేసింది. 2015లో యూరోపియన్ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు నిర్వహణలో దాత దేశాల నిధి ఏర్పడింది. దానితో కిర్గిజ్‌స్తాన్‌లోనే మిన్-కుష్, షెకఫ్తార్ అనే చోట్ల పనులు జరిగాయి.

మైలూ-సూ వంతు రావడంలో ఆలస్యానికి కారణం డబ్బు ఒక్కటే కాదు. తరలింపు అంటే, నిలకడగా కప్పి ఉన్న రేడియోధార్మిక బురదను మళ్లీ తెరిచి, లారీలలో కొండదారుల వెంట, ఇళ్ల మధ్యనుంచి తీసుకుపోవడం. ఆ కాలమంతా దుమ్ము లేవకుండా, వాన పడినప్పుడు నీరు నదిలోకి పోకుండా చూడాలి. కొత్త స్థలం చరియలు పడని చోట, భూగర్భజలానికి దూరంగా దొరకాలి. ఆ లోయలో అటువంటి చదునైన నేల చాలా అరుదు. కొన్నిటిని ఉన్నచోటనే బలపరచడం మేలు, కొన్నిటిని తప్పక తరలించాలి. ఏది ఏ కోవలోకి వస్తుందో తేల్చడానికే ఏళ్లు పడుతుంది. 2024లో వచ్చిన వార్తల ప్రకారం, కూలిపోయే ప్రమాదంలో ఉన్న గట్ల వెనుక సుమారు 7 లక్షల ఘనపు మీటర్ల వ్యర్థం ఉంది. దాన్ని సురక్షిత స్థలానికి చేర్చడానికి 2.2 నుంచి 2.5 కోట్ల యూరోలు కావాలని అంచనా వేశారు. అంతర్జాతీయ సహాయాల లెక్కలో ఇది పెద్ద మొత్తం కాదు. దిగువన కోటిమందికి పైగా ఉన్నప్పుడు ఇంత మొత్తం కోసం ఏళ్ల తరబడి వేచి ఉండవలసి రావడం నాకు మింగుడుపడని విషయం.

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. ఇస్సిక్-కుల్ సరస్సు దగ్గర కొత్త యురేనియం అన్వేషణకు వ్యతిరేకంగా 2019లో ప్రజలు పెద్ద ఎత్తున నిరసన తెలిపిన తర్వాత, కిర్గిజ్‌స్తాన్ యురేనియం తవ్వకాన్ని చట్టంతో నిషేధించింది. అదే ఏడు సెప్టెంబరులో నల్లమలలో యురేనియం తవ్వకాలు వద్దంటూ తెలంగాణ శాసనసభ తీర్మానం చేసింది. కిర్గిజ్‌స్తాన్ మాత్రం 2024లో తన నిషేధాన్ని ఎత్తివేసింది. పాత గుట్టలు అలాగే ఉండగా కొత్త తవ్వకానికి తలుపు తీయడాన్ని నేను సమర్థించలేను.

జవాబు 5: భూగర్భశాస్త్ర అధ్యాపకుడు

తుమ్మలపల్లె ప్రస్తావన వచ్చింది కాబట్టి, పోలిక ఎంతవరకు సరిపోతుందో చెప్పడం అవసరం. మన దగ్గర ఖనిజం డోలోమైట్ సున్నపురాతిలో ఉంది. క్షార ద్రావణాలతో శుద్ధి చేస్తారు. ఎండిన, సాపేక్షంగా నిలకడైన నేల. మైలూ-సూ తరహాలో కొండచరియ నదిని మూసివేసే ప్రమాదం కొట్టాల వద్ద లేదు. అక్కడ అడగవలసిన ప్రశ్న వేరు. టెయిల్‌పాండ్ అడుగు నుంచి ఊట భూగర్భజలంలోకి, బోర్లలోకి చేరుతోందా అన్నదే ఆ ప్రశ్న. అరటి రైతులు ఎన్నో ఏళ్లుగా లేవనెత్తుతున్నదీ అదే. చుట్టుపక్కల గ్రామాల బోర్ల నీటిలో యురేనియం, సోడియం, కరిగిన లవణాల పరిమాణాన్ని క్రమం తప్పక కొలిచి, ఆ ఫలితాలను తెలుగులో పంచాయతీ కార్యాలయం గోడ మీద పెట్టాలని కోరే హక్కు గ్రామస్థులకు ఉంది. తాగునీటిలో యురేనియం లీటరుకు 30 మైక్రోగ్రాములు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది. మీ బోరు ఫలితాన్ని ఆ సంఖ్యతో పోల్చి చూసుకోవచ్చు. గని మూసివేత అనంతర సంరక్షణకు నిధి ఎంత, ఎవరి పేరున, ఎన్నేళ్లకు కేటాయించారో కూడా గని నడుస్తున్నప్పుడే అడగాలి. మైలూ-సూ వాసులకు ఆ అవకాశమే దొరకలేదు.

మీ అమ్మాయికి రెండు జాగ్రత్తలు చెబితే చాలు. సెలవుల్లో స్నేహితులతో కొండలవైపు వెళ్లినప్పుడు కంచె వేసిన, లేదా కంచె ఊడిపోయి స్తంభాలు మాత్రమే మిగిలిన గుట్టలు ఎక్కవద్దనండి. మైలూ-సూ లోయలో వాగునీరు, ఊటనీరు తాగవద్దనండి.